నచ్చిన కథను నలుగురితో చెప్పుట

అద్భుతకథలయందు మక్కువ గలవారు నలుగురు ఒకచోట గూడినప్పుడు వారి సంభాషణ మెట్లుండునో పాఠకులలో ననేకులకు అనుభవమే. ఒకరు "రాకాసిలోయ" యందురు. మరియొకరు "పాతాళదుర్గము"ను మించిన కథ పుట్టలేదందురు. ఇంగ్లీషు చదివినవారున్నచో జూల్స్ వెర్న్ సముద్రగర్భయాత్రయు, వెల్సు కాలయంత్రమును, టోల్కీను అంగుళీయకపు కథయు వరుసగా వచ్చును. "అది చదువలేదా? ఎంత అదృష్టవంతులు! దానిని మొదటిసారి చదువు సుఖము మీకింకను మిగిలియున్నది" అని యొకరు నిట్టూర్తురు. కాఫీ చల్లారిపోవును. ఇంటికి పోవలెనన్న మాట మరచిపోవుదురు. ఉద్యోగములలోని యెక్కువ తక్కువలు, వయోభేదములు ఆ గడియకు కనబడవు. పదునాలుగేండ్ల బాలుడు అరువదియేండ్ల పెద్దమనిషిని నిలువరించి, "ఆ కథ ముగింపు బాగులేదండీ" అని వాదింపవచ్చును, ఎవరును తప్పుపట్టరు.

ఇట్టి గోష్ఠులను జూచి నొసలు ముడిచెడి పెద్దలును కలరు. వారిలో ననేకులు నాకు గౌరవనీయులు. మూఢవిశ్వాసములను తొలగించుటకై ఊరూర తిరిగినవారు. వారి యాక్షేపణము తేలికగా ద్రోసివేయదగినది కాదు. "నూరేండ్లకు పైగా మనము దయ్యములతోడను, చేతబడులతోడను పోరాడుచున్నాము. చదువుకొన్నవారే మాంత్రికుల కథలను నెత్తికెత్తుకొని, ఒకరికొకరు పంచుకొనుచు, పిల్లలకు గూడ అంటించుచుండిరేని, ఆ పోరాటమునకు అర్థమేమి?" అని వారి ప్రశ్న.

ఈ ప్రశ్న మా ప్రాంతమున మరింత బరువుతో వినబడును. మా ఏటికొప్పాక వరాహనది యొడ్డున నున్న పల్లె. మాకు ఎగువను నర్సీపట్నము. అది దాటిన కొండలు, మన్యము. చిల్లంగి పెట్టినారను నెపమున ఆ కొండపల్లెలలో మనుష్యులను కొట్టి చంపిన వార్తలు ఈ శతాబ్దమునందును పత్రికలలో చదివియున్నాము. మైదానములోని వారమగు మనకు ఈ భ్రాంతి లేదని గర్వించుటకును వీలులేదు. పట్టణములలో, చదువుకొన్నవారి లోగిళ్లలో, నిమ్మకాయలు, తాయెత్తులు వ్రేలాడుచునే యున్నవి. అట్టి దేశమున "మాంత్రికుడు" అను మాట కథలోని మాట మాత్రమే కాదు. ఒక దిక్కులేని వృద్ధుని వైపు చూపి ఆ మాట యన్నచో ఆతని ప్రాణము పోవచ్చును.

దీనికి మనవారు సాధారణముగా చెప్పెడి సమాధాన మొకటి కలదు. అద్భుతకథ సంస్కారమునకు పనిముట్టు కాగలదనుట. నిజమే. కందుకూరి వీరేశలింగము పంతులుగారే "సత్యరాజా పూర్వదేశ యాత్రలు" వ్రాసిరి. స్విఫ్టు రచించిన గలివరు యాత్రల ఛాయలో నడచిన ఆ గ్రంథమున ఆడుమళయాళ మను దేశము కలదు. మనము స్త్రీలపై మోపిన కట్టుబాట్లు అచట పురుషుల నెత్తికి వచ్చును. చదువుచున్నంతసేపు నవ్వువచ్చును, పుస్తకము మూసినపిమ్మట సిగ్గువచ్చును. అటుపిమ్మట 1905లో వంగదేశపు రొకేయా బేగమ్ "సుల్తానా స్వప్నము" వ్రాసెను. అందు పురుషులు ఘోషాలో నుందురు. స్త్రీలు సూర్యరశ్మిని బంధించి వంట చేసికొనుచు, ఆకాశమున బండ్లు నడుపుదురు. ఆ కథ మొదట వెలువడినది చెన్నపట్టణమున; దానిని ప్రకటించిన మహిళాపత్రికకు సంపాదకురాలు తెలుగింటి యాడపడుచైన కమలా సత్యనాథన్. ఈ సంగతి మనవారిలో పెక్కుమందికి తెలియకుండుట విచారకరము.

అయినను ఈ సమాధానము నాకు తృప్తినీయలేదు. "పాతాళదుర్గము"ను తలచి కన్నులు మెరయు బాలుడు దానిలోని నీతికొరకు దానిని ప్రేమించుట లేదు. సొరంగముకొరకు ప్రేమించుచున్నాడు. చీకటికొరకు, కాగడాకొరకు, తరువాతి నెల సంచిక వచ్చువరకు ఆగిన ఊపిరికొరకు ప్రేమించుచున్నాడు. ప్రతి కథకును ఒక సంస్కారపు ముసుగు తొడిగి, "లోపల మందున్నది గనుక ఈ తీపి తినవచ్చును" అనుట, తీపిని తీపిగా నొప్పుకొనలేని మన బలహీనతయే. పిల్లలు దానిని పసిగట్టుదురు.

కావున ప్రశ్నను వేరొక వైపునుండి చూడవలెను. మూఢవిశ్వాసమునకును అద్భుతకథకును భేద మెచట నున్నది? వస్తువులో లేదు. రెండింటను దయ్యములే, రెండింటను మంత్రములే. భేదము చెప్పెడి తీరులో నున్నదని నా యభిప్రాయము. మూఢవిశ్వాసము ఎన్నడును "ఇది నాకు నచ్చినది" అని యనదు. "ఇది ఇట్లే" అనును. ఎవరు చెప్పిరన్న, "అందరు అనుచున్నారు" అనును. దానికి కర్త లేడు, సాక్షి లేడు. దానిని నమ్మకపోవుటకు వినువానికి స్వేచ్ఛ లేదు. కథాభిమాని యట్లు కాదు. "నాకు నచ్చిన కథ యొకటి కలదు" అని మొదలుపెట్టినంతనే రెండు సంగతులు ఒప్పుకొనుచున్నాడు: ఇది కథ యనుట యొకటి, ప్రీతి తనదనుట రెండవది. "మీకు నచ్చవచ్చును, నచ్చకపోవచ్చును" అను మూడవ మాట వాని నోట రాకున్నను అందులోనే యిమిడియున్నది. చిల్లంగి కథను మోసికొనిపోవువాడు ఈ మూడింటిలో నొకటియు చెప్పజాలడు. చెప్పెనా, అది యప్పుడే విషము కోల్పోవును.

మా ఊరి బొమ్మలను జూచినవారికి ఈ మాట విచిత్రముగా తోచదు. అంకుడు కొయ్యను త్రిప్పుచు, ఉలితో చెక్కి, ఆకులు, వేళ్లు, గింజలనుండి తీసిన రంగులు కలిపిన లక్కను పూసి మా పనివారు బొమ్మలు చేయుదురు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. బొమ్మయేనుగును చేతబట్టుకొని పిల్లవాడు దానికి మేత పెట్టును, దానితో మాటలాడును, అది పడిపోయిన నేడ్చును. అంతమాత్రమున వాడు దానిని ప్రాణియని భ్రమించినాడా? దానిని పెట్టెలో పెట్టి బడికి వచ్చును గదా! బొమ్మ బొమ్మయని తెలిసియుండుటయే ఆ యాటకు ప్రాణము.

ఒకే వస్తువు ముగ్గురి చేతులలో మూడు విధములగుట కొక నిదర్శనము చెప్పెదను. తోకచుక్క కనబడినచో రాజ్యములు కూలునని మన పూర్వులు వణికిరి. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు గురజాడ అప్పారావుగారు, మాకు సమీపముననే సర్వసిద్ధి రాయవరమున 1862లో జన్మించిన మహనీయులు, "ముత్యాల సరములు" అను కవితలో దానిని భూమికి దూరపుచుట్టముగా భావించి, అపశకునమను పేరును తొలగించిరి. 1954లో అదే "తోకచుక్క" యను పేరుతో చందమామలో నొక ధారావాహిక మొదలైనది. పిల్లలు దానికొరకు నెలనెలయు కాచుకొనియుండిరి. భయపడుటకు కాదు, సంతోషించుటకు. గురజాడవారు త్రోవ తుడిచిరి గనుకనే పిల్లలు ఆ త్రోవలో ఆడుకొనగలిగిరని నేననుకొందును. ఇది నా యూహ మాత్రమే.

చందమామ మాట వచ్చినది గనుక కొంచెము ఆగవలెను. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు స్థాపించిన ఆ పత్రిక ఈ శతాబ్దపు రెండవ దశకమున నిలిచిపోయినది. 1952 మొదలు 1980లో తాను మరణించువరకు దానిని తీర్చిదిద్దినవారు కొడవటిగంటి కుటుంబరావుగారు. ఆయన భౌతికవాది, దేవుని, దయ్యమును సమముగా త్రోసిపుచ్చినవారు. అట్టివారి చేతిమీదుగా ఏండ్లతరబడి బేతాళుడు శవములో ప్రవేశించి కథలు చెప్పుచునే యుండెను! నొసలు ముడుచు మిత్రులు ఈ విషయమును తీరికగా ఆలోచింతురు గాక.

అందు "తోకచుక్క" మొదలు "కంచుకోట", "జ్వాలాద్వీపము", "శిథిలాలయము", "యక్షపర్వతము", "మాయాసరోవరము" మున్నగు ధారావాహికలు వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యముగారు. 1952లో ఆ కార్యాలయమున చేరి అర్ధశతాబ్దికి పైగా అచటనే పనిచేసిరి. ఈ పేరు ఆ కథలపై ముద్రింపబడలేదు. బొమ్మల క్రింద "చిత్ర" అను సంతకము పిల్లలందరికి కంఠస్థమే. ముఖచిత్రములపై వడ్డాది పాపయ్యగారి పొడియక్షరములు తెలియనివారు లేరు. ఆయన నివసించిన కశింకోట మాకు దూరమును కాదు. కథ వ్రాసిన చేయి మాత్రము అజ్ఞాతము. తరములు మారినవి. చదివిన బాలురు తండ్రులైరి, తాతలైరి. దేశాంతరములకు పోయినవారు పాత సంచికలకొరకు గాలించిరి. అప్పుడు, "నీకును ఆ కథయేనా యిష్టము? నాకును అదియే" అని యొకరితో నొకరు చెప్పుకొనుచుండగా, "ఇంతకును వ్రాసినదెవరు?" అను ప్రశ్న పుట్టినది. ఆయన పేరు నలుగురికి తెలిసినది. ఆ ధారావాహికలు ఆయన పేరుతో పుస్తకములై వెలువడినవి. 2010లో ఆయన కాలధర్మము నొందిరి.

ఇందులో న్యాయాన్యాయముల విచారణ కొంత కలదు. పత్రిక యంతయు ఒకే గొంతుకతో మాటలాడవలెనను ఉద్దేశమున పేర్లు వేయలేదని చెప్పుదురు; దానికి దాని హేతువులుండవచ్చును. అయినను ఒక మనుష్యుడు లక్షలాది పిల్లల రాత్రులను వెలిగించి, తన పేరు వినబడకుండ ముసలివాడగుట మనస్సునకు కలుక్కుమనిపించును. ఈ లోపమును సవరించినది పండితులు గారు, విశ్వవిద్యాలయములు గావు. "నాకు నచ్చినది" అని సిగ్గుపడక చెప్పుకొన్న సామాన్య పాఠకులు. వారు బాల్యప్రీతిని దాచుకొనియుండిరేని ఆ ప్రశ్నయే పుట్టియుండదు. కర్త పేరు తెలిసిన కథ వదంతిగా మారజాలదనుట మరియొక లాభము.

ఈ సంగతి మనకు క్రొత్త కాదు. గుణాఢ్యుని వృత్తాంతము తలచుకొనుడు. శాతవాహన ప్రభువు సభలో పందెమోడి, సంస్కృత ప్రాకృత దేశభాషలను విడిచి, పైశాచీభాషలో ఏడులక్షల గ్రంథము బృహత్కథను తన నెత్తురుతో వ్రాసి పంపగా, రాజు పిశాచభాష యని, నెత్తుటి వ్రాత యని తిరస్కరించెను. గుణాఢ్యు డొక కొండపై అగ్నికుండము రగిలించి, ఒక్కొక్క పత్రమును మృగములకును పక్షులకును చదివి వినిపించి నిప్పులో వేసెను. మృగములు మేత మాని కన్నీరుగార్చుచు వినెను. ఇంతవరకు అందరికి తెలిసినదే. సోమదేవుడు కథాసరిత్సాగరమున చెప్పిన చిన్న వివర మొకటి తరచుగా మరుగునపడును. గుణాఢ్యుడు ఏడవ లక్షను, నరవాహనదత్తుని కథను, కాల్చలేదు. ఏలయన అది ఆతని శిష్యులిద్దరికి మిక్కిలి యిష్టమైన కథ. రాజు పశ్చాత్తప్తుడై పరుగెత్తివచ్చునప్పటికి మిగిలియున్నది అదియొక్కటే.

ఐతిహ్యమే కావచ్చును. ఐనను బేతాళకథలు మనకు వచ్చినది ఆ పేరుగల ప్రవాహమునుండియే. రాజు మెచ్చినది గాదు మిగిలినది, పండితులు నిర్ణయించినది గాదు. ఇద్దరు పిల్లవాండ్రు "మాకిది నచ్చినది, దీనిని కాల్పకుడు" అని యడిగినది మిగిలెను. వారట్లడుగక, గురువుగారి యెదుట తమ యిష్టమును చెప్పుట అవినయమని యూరకుండిరేని?

మన యలంకారికులు అద్భుతమును తక్కువచేయలేదు. విస్మయము దానికి స్థాయి. సాహిత్యదర్పణకారుడగు విశ్వనాథుని పూర్వీకుడు నారాయణుడనునాతడు సర్వరసములకును సారము చమత్కారమే గనుక అన్నింటను అద్భుతమే కలదని వాదించెనట. అంతవరకు నేను పోజాలను, కరుణకు కరుణయే. కాని సహృదయు డను మాటలో నొక రహస్య మున్నది. రసానుభవమున "ఇది నా దుఃఖము, ఇది పరుని దుఃఖము" అను గోడ కూలునని అభినవగుప్తుడు చెప్పెను. గోడ కూలిన యనుభవమును ఒక్కరమే దాచుకొని కూర్చుండుట ఎట్లు సాధ్యము? పక్కవానిని పిలువకుండ నుండలేము. పుస్తకాభిమానుల యారాటమునకు మూల మదియే యని నాకు తోచును.

పశ్చిమదేశములలో ఈ యారాటము వ్యవస్థయే అయినది. 1926లో అమెరికాలో హ్యూగో గెర్న్స్‌బాక్ స్థాపించిన విజ్ఞానకల్పనల పత్రిక పాఠకుల లేఖలను చిరునామాలతో అచ్చువేసెను. ఒంటరిగా చదువుకొనుచున్న కుర్రవాండ్రు ఆ చిరునామాలను బట్టి యొకరికొకరు జాబులు వ్రాసికొని, సంఘములు కట్టి, 1939లో న్యూయార్కున ప్రపంచసభ యను పేరుతో గూడిరి. వచ్చినవారు రెండువందల ప్రాంతమే యనుకొనుడు! పేరు మాత్రము ప్రపంచసభ. నవ్వు రావచ్చును గాని ఆ సభ నేటికిని సాగుచున్నది.

ఐతే ప్రీతికి అహంకారము తోడైనచో ఈ గోష్ఠియే అంగడి తగవగును. "దీనిని మెచ్చనివాడు మూర్ఖుడు" అనువారిని నేనెరుగుదును. తాను ఫిరంగిమందుతో మనుష్యులను చంద్రునివైపు పంపితిననియు, వెల్సు లేని లోహమును కల్పించెననియు వృద్ధుడైన వెర్న్ సణిగెను. నిజమునకు ఫిరంగినుండి పోవువాడు మార్గముననే పచ్చడియగును గదా! ఆక్స్‌ఫర్డు మిత్రులగు టోల్కీను, లూయీల కథ దీనికి విరుగుడు. లూయీ ప్రోత్సహింపకున్నచో తన మహాగ్రంథము పూర్తియయ్యెడిది కాదని టోల్కీను ఒప్పుకొనెను. అట్లని లూయీ వ్రాసిన నార్నియా కథలు మాత్రము ఆతనికి రుచింపలేదు. ఋణము ఋణమే, రుచి రుచియే. మిత్రుని మెప్పుకొరకు నచ్చనిదానిని నచ్చినదనుట కథలోని మాయకంటె పెద్ద యబద్ధము.

మా తరగతిలో శనివారపు కడపటి గంటను ఇందుకు కేటాయించితిని. నియమములు కొద్ది. పుస్తకము పేరు, కర్త పేరు, ఎందుకు నచ్చినదో చెప్పవలెను. వినువారు ఏ ప్రశ్నయైనను వేయవచ్చును. ఒకనా డొక బాలుడు లేచి, తాటితోపులో రాత్రివేళ దీపము పట్టుకొని తిరుగు మనిషినిగూర్చి చెప్పెను. తరగతి నిశ్శబ్దమైనది. "ఎవరు వ్రాసినారు?" అని యొక పిల్ల యడిగెను. "ఇది కథ కాదు, నిజము" అని వాడు కోపించెను. "నువ్వు చూసినావా?" "మా నాయనమ్మ చెప్పింది." "ఆమె చూసిందా?" వాడు బదులు చెప్పలేక కూర్చుండెను. ఎవరును నవ్వలేదు, నవ్వినచో వాడు మరి నోరు తెరచెడివాడు కాడు. మరుసటి శనివారము వాడే చేయి యెత్తెను. నాయనమ్మ చూడలేదట, ఆమెకు ఆమె యత్త చెప్పినదట, ఆ యత్తకు ఎవరు చెప్పిరో తెలియదట. "అయినా సార్, కథ బాగుంది. నాకిష్టం" అనెను. నాయనమ్మ చెప్పునప్పుడు దీపము తగ్గించి, గొంతు మార్చునని, అది తనకు నచ్చునని వివరించెను. కర్త పేరు వ్రాయవలసినచోట మా పట్టికలో "నాయనమ్మ" అని వ్రాసికొంటిమి. ఇప్పుడు వాడు తాటితోపు మీదుగానే ఇంటికి పోవుచున్నాడో లేదో నేనడుగలేదు.

మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలలో గోపకుమారుడు మణిసిద్ధునితో కాశికి బయలుదేరుటకు పెట్టిన షరతు పాఠకులకు జ్ఞాపకముండును: దారిలో తాను చూచిన వింతనెల్ల అడిగెదను, మజిలీ మజిలీకి దాని కథ చెప్పవలెనని. అడుగు హక్కు వినువానిది. నేను తరగతిలో "పాతాళదుర్గము"ను వర్ణించినప్పుడు నా విద్యార్థిని యొకతె ఆ హక్కును పూర్తిగా వాడుకొన్నది. నాకు తెలిసిన రుచులన్నియు చెప్పితిని. ఆమె విని, "ఇటువంటి కథల్లో ఆడపిల్లలను ఎత్తుకుపోవడమే తప్ప వాళ్లకు పని ఉండదేం సార్?" అనెను. నాలుగు దశాబ్దముల ప్రీతి గలవాడను గనుక నాకు రెండు మూడు సమాధానములు తట్టినవి. వాటిలో నొకటియు నిలువదని చెప్పుచుండగనే తెలిసినది. ఆమెకు విశాఖపట్టణమున నున్న బంధువులు హ్యారీ పాటర్ సంపుటములు ఇచ్చిరట. అందు హెర్మయొనీ యను బాలిక పుస్తకములు చదివి చదివి మిగిలినవారిని ఆపదలనుండి గట్టెక్కించునట. మొదటి సంపుటము, అట్ట చినిగినది, నాకు అరువిచ్చినది. వచ్చు శనివారము నాకు నచ్చినదో లేదో చెప్పవలెను. కారణము గూడ చెప్పవలెనని రెండుమారులు జ్ఞాపకము చేసినది.